తాకినవాడే చెప్పాలి

వరంగల్,
27 మార్చి 1979.

మహారాజశ్రీ బావగారు వెంకట్రాజం గారి సముఖమునకు,

బి.కాం. రెండో శ్రేణిలో గట్టెక్కి, ప్రస్తుతం నాన్న గోనెసంచుల దుకాణంలో కొత్త సంచుల పక్కన పాత సంచిలా మడిచి పెట్టబడిన మీ బామ్మర్ది మల్లికార్జున్ వినయంగా విన్నవించునది.

ఇక్కడ అందరం క్షేమం. క్షేమం తప్ప వేరే విశేషం లేకపోవడమే కొంచెం అలసటగా ఉంది. ఎండలు ఉగాది దాకా కూడా ఆగలేదు. ధర్మసాగర్ నీళ్ళు రోజు విడిచి రోజు వస్తున్నాయి. దుకాణంలో ఫ్యాన్ తిరుగుతుంది గానీ గాలిని తన దగ్గరే ఉంచుకుంటుంది. నువ్వు రైలు గార్డు చేతికిచ్చి పంపిన బ్లాటింగ్ కాగితం అందింది. కాగజ్‌నగర్ కాగితం మిల్లులో ఒక బావ ఉండడం ఎంత అదృష్టమో మన జట్టులో ఉండలు చుట్టేవాళ్ళను అడగాలి.

ఇక అసలు వార్త. మొన్న ఆదివారం, ఏటా కోట జట్టుతో ఆడే పెద్దాటలో మన బజారు జట్టు గెలిచింది. డెబ్బై నాలుగులో నువ్వు ఒక్కడివే మిగిలి గెలిపించిన తరువాత ఇదే మొదటి గెలుపు. ఆ గెలుపు చూసే నాన్న నీకు అక్కనిచ్చాడని బజారులో ఇప్పటికీ చెప్పుకుంటారు. కాబట్టి నాకూ సంబంధాలు వస్తాయేమోనని రెండు రోజులుగా శుభ్రంగా గడ్డం గీసుకుంటున్నాను.

ఆట చూడడానికి కొత్తగా బదిలీ అయి వచ్చిన బ్యాంకు గుమాస్తా ఒకాయన వచ్చాడు. పెళ్ళయిన మగవాళ్ళు కూడా కోట మట్టికట్ట కింద తుమ్మల్లో వెదురు గొట్టాలు పట్టుకుని పాకుతుంటే ఆయనకు నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. ఆయనకు ఆటను సశాస్త్రీయంగా వివరించే భాగ్యం నాకు దక్కింది. మూరెడు వెదురు గొట్టం, అందులో పట్టే పుల్ల. గొట్టానికి ఆ చివర ఒక తడి కాగితం ఉండ, ఈ చివర ఒకటి. ఈ చివరి ఉండను పుల్లతో నెడితే మధ్యలో ఇరుక్కున్న గాలి ఆ చివరి ఉండను టప్పుమని తోస్తుంది. దూరం నుంచి తగిలితే చీమ, దగ్గరి నుంచి తగిలితే కందిరీగ. జట్టుకు తొమ్మిది మంది. తగిలినవాడు "తాకింది" అనాలి, గొట్టం తలకిందులుగా భుజాన వేసుకుని నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళి కూర్చోవాలి. చివరికి ఎవరు మిగిలితే వాళ్ళ జట్టుది గెలుపు.

ఆయన "అంపైర్ ఎవరు?" అన్నాడు. లేడన్నాను. "మరి తగిలిందని ఎవరు చెప్తారు?" తగిలినవాడే చెప్తాడన్నాను. కొట్టినవాడు అడగకూడదు, ఇది మా బావా కోట మొగిలయ్యా పదేళ్ళ కింద పెట్టిన కట్టుబాటు అన్నాను. "చెప్పకపోతే?" అన్నాడు. బ్యాంకులో పనిచేసేవాళ్ళకు ఇలాంటి సందేహాలు వస్తాయి కాబోలు. పదేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న.

చివరికి ఇద్దరం మిగిలాం. అటు కోట జట్టు నాయకుడు మొగిలయ్య, గ్రెయిన్ మార్కెట్‌లో క్వింటాలు బస్తాను వీపున వేసుకుని పాట పాడగల హమాలి. ఇటు నేను, అక్క ఇంటికి చింతపండు డబ్బా మోసి రెండు రోజులు మంచం పట్టినవాణ్ణి. నేను పుట్ట వెనక. ఆయన తుమ్మ మొద్దు వెనక. ఆయన గొట్టం టప్పుమంది. నేను తిరిగి కొట్టాను. నా ఉండ ఆయన ఛాతీ మీద నుంచి ఇంకా కింద పడకముందే "తాకింది" అన్నాడు, గొట్టం తిప్పి భుజాన వేసుకున్నాడు. నేను అలసిపోయి ఆ దుమ్ములోనే కూలబడ్డాను. మనవాళ్ళు వచ్చి ఎత్తుకున్నారు.

ఇంతవరకు చరిత్ర. ఇక వ్యాజ్యం. కుండ దగ్గర మొగిలయ్య నాకు చెంబు అందిస్తూ ఒక చూపు చూశాడు. ఫిర్యాది మొగిలయ్య, ముద్దాయి మల్లికార్జున్, అభియోగం: తాకినా చెప్పలేదు. మొత్తం కాగితం ఆ చూపులోనే అచ్చయి ఉంది. ఇలాంటి ఆరోపణ మీద పరువు నష్టం దావా వెయ్యవచ్చునా, వేస్తే ఏ కోర్టులో వెయ్యాలి, పెద్దవాడివి నువ్వే చెప్పాలి.

వచ్చే ఏడు నన్నే నాయకుణ్ణి చేస్తామంటున్నారు. నీ పాత గొట్టం పంపించు. అక్క దాని మీద మసిగుడ్డలు ఆరేస్తోందని తెలిసి దుఃఖించాను.

ఇట్లు,
విజేత, ముద్దాయి, నీ బామ్మర్ది
మల్లికార్జున్

*

కాగజ్‌నగర్,
2 ఏప్రిల్ 1979.

మల్లికి,

నీ ఉత్తరం అందింది. గెలిచినందుకు సంతోషం. మీ అక్క నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఈ మిల్లు వాసన తలకెక్కి ఉంటుంది, నడుము నొప్పి వేరే. అందులో ఈ సంగతి.

మొగిలి ఆ మాట అన్నాడా? వానికి ఎంత ధైర్యం. నువ్వు కోర్టు, దావా అని తమాషాకు రాశావు గానీ నాకు లోపల ఎంత మండిందో నాకే తెలుసు. కొట్టినవాడు నోరు తెరవకూడదు. ఈ మాట పెట్టుకున్న రోజు మేమిద్దరమే ఉన్నాం, తుమ్మ చెట్టు కింద కూర్చుని చెరొక బీడీ కాల్చి పెట్టుకున్నాం. ఆ ఇద్దరిలో ఒకడే తప్పితే ఇక ఆట ఎక్కడిది? ఒక ఆట సంగతి తీసినవాడు రేపు ఇంకొక ఆట సంగతి తీస్తాడు. దీనికి అంతు ఉండదు.

నిన్ను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. నువ్వు నోటికొచ్చినన్ని మాటలు మాట్లాడతావు గానీ అబద్ధం ఆడవు. నీ మీద మాట పడితే నా మీద పడ్డట్టే. అందుకే నిన్ననే మొగిలికి రాసి పడేశాను. కవరు కోసం వెతికే ఓపిక లేక కార్డు మీదే రాశాను. "మా మల్లి తాకింది దాచిండని నువ్వు నలుగురిల అన్నవట. పదేండ్ల దోస్తానా నీళ్ళల్ల పోసినవ్. మాట మీద నిలవని కోటోనివి అనిపించుకున్నవ్" అని రాశాను. వానికి చదువు రాదు, ఎవరితోనైనా చదివించుకుంటాడు.

నువ్వు ఏం ఫికర్ చెయ్యకు. నీ వెనక నేనున్నాను.

గొట్టం పంపిస్తాను. మీ అక్క మసిగుడ్డలకు వేరే కర్ర చూసుకుంటానన్నది.

నీ బావ,
వెంకట్రాజం

*

వరంగల్,
10 ఏప్రిల్ 1979.

బావకు నమస్కారాలు.

బిరుదులు, విశేషణాలు ఈసారికి మినహాయించు. ఎండకు అవి కూడా వాడిపోయాయి.

బావా, నువ్వు తొందరపడ్డావు. మొగిలయ్య అన్నాడని నేను ఎక్కడ రాశాను? చూశాడని రాశాను. చూపును అభియోగపత్రం అన్నది నా కవిత్వం. బి.కాం. చదివినవాడికి కవిత్వం ఎందుకని నువ్వు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

జరిగింది చెప్తాను. నీ కార్డు గురువారం వచ్చింది. మన పోస్ట్‌మాన్ యాకయ్య సంగతి నీకు తెలుసు, కార్డు అంటే అది ఊరందరికీ రాసిన ఉత్తరమని ఆయన నమ్మకం. మొగిలయ్య మార్కెట్‌లో ఉన్నాడని తెలిసి అక్కడికే తీసుకుపోయాడు. మధ్యాహ్నం హమాలీలందరూ షెడ్డు నీడలో సద్దులు విప్పుకున్న వేళ. "రాజమన్న రాసిండు" అనగానే మొగిలయ్య చేతులు కడుక్కుని వచ్చి, "జర గట్టిగ చదువు యాకన్నా, మావోళ్ళు కూడ వింటరు" అన్నాడట. నువ్వు కుశలం రాశావనుకున్నాడు. యాకయ్య గట్టిగానే చదివాడు. సగంలో గొంతు తగ్గించాడట గానీ అప్పటికే అందరికీ అర్థమైపోయింది.

నేను అక్కడ లేను. తరువాత యాకయ్యే దుకాణానికి వచ్చి చెప్పాడు. "నాకేం ఎరుక సేటు, మంచి సంగతే అనుకున్న. మొగిలి కార్డు తీసుకొని రుమాలుల చుట్టుకున్నడు. సద్ది అట్లనే మూటగట్టి బస్తాల కాడికి పోయిండు" అని తనే కుర్చీలో కూర్చుండిపోయాడు. నాన్న ఆయనకు మజ్జిగ తాగించి పంపించారు.

ఉగాది పోయిన రెండో ఆదివారం ఓడిన జట్టు నాయకుడు నీళ్ళ కుండను గెలిచినవాళ్ళ భుజాన పెట్టాలి కదా. మొన్న ఆదివారం మేం తొమ్మిది మందిమీ తుమ్మల కింద నిలబడ్డాం. కోటవాళ్ళు ఎనిమిది మందే వచ్చారు. ఇంటికి వచ్చేసరికి దుకాణం మెట్టు మీద కుండ ఉంది. దాని పక్కన మొగిలయ్య గొట్టం, తలకిందులుగా. ఎప్పుడు వచ్చి పెట్టిపోయాడో నాన్న కూడా చూడలేదు.

కోట జట్టువాళ్ళు ఆయన దగ్గరికి పోయి, నువ్వు అన్నదెప్పుడు, మేం విన్నదెప్పుడు అని నిలదీశారట. "రాజమన్న రాసిండంటే అనే ఉంట. ఇగ నేను ఆడ" అన్నాడట. అంతే. వాళ్ళకు మన మీద కోపం వచ్చింది. వచ్చే ఏటి నుంచి ఉండలను ఎర్రమట్టి నీళ్ళలో తడుపుతాం, అంగీ మీద మరక పడుతుంది, ఇక ఎవరి మాటతోనూ పని లేదంటున్నారు.

ఏం రాయాలో తెలియడం లేదు. నువ్వు ఇంకొక కార్డు రాసి, పొరపాటైందని చెప్తే సరిపోతుందేమో చూడు. కవరులో రాస్తే మరీ మంచిది.

కుండ దుకాణంలో సంచుల మధ్య ఉంది. దాన్ని దాటి పోవాల్సి వచ్చినప్పుడల్లా పక్క నుంచి తిరిగి పోతున్నాను.

మల్లికార్జున్

*

కాగజ్‌నగర్,
18 ఏప్రిల్ 1979.

మల్లికి,

నీ ఉత్తరం చదివి ఎనిమిది రోజులు ఊరుకున్నానని అనుకోకు, అది నిన్ననే అందింది. ఇక్కడి పోస్టు కూడా మా మిల్లు సైరన్ లాంటిదే, దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది.

మొగిలి అనలేదని నువ్వంటున్నావు. అనే ఉంటానని వాడంటున్నాడట. అననివాడు ఆట ఎందుకు మానేస్తాడు? వానికి లోపల ఏదో ఉంది. ఒక సంగతి సరిగ్గా కనుక్కుని రాయి. వాడు నీ ఆట ఒక్కటే అన్నాడా, పాత ఆటలు కూడా ఏమైనా తీశాడా? కోటవాళ్ళు ఏమనుకుంటున్నారు? నా పేరు ఏమైనా వచ్చిందా? ఊరికే అడుగుతున్నాను.

ఇంకొక కార్డు రాయమన్నావు. ఎట్లా రాయను? నేను నీ మాట మీద నిలబడి రాశాను. పొరపాటైందని రాస్తే నువ్వు అబద్ధం ఆడావని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది. అది నా చేతితో రాయను.

మే నెల రెండో వారంలో నాలుగు రోజులు సెలవు పెడుతున్నాను. మీ అక్కను తీసుకుని వస్తాను. రెండు జట్లనూ తుమ్మల కింద కూర్చోబెట్టి, మా బామ్మర్దికి తాకలేదు, నా మాట మీద నమ్మండి అని చెప్తాను. డెబ్బై నాలుగులో గెలిచినవాణ్ణి, నా మాటకు అక్కడ ఇంకా విలువ ఉంటుంది అనుకుంటున్నాను. నువ్వు ఒక్క ముక్క రాయి. తాకలేదు అని. అంతే, ఇంకేం వద్దు. ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని వస్తాను.

ఈ మధ్య నిద్ర సరిగ్గా పట్టడం లేదు. షిఫ్టులు మారినందుకు అనుకుంటాను.

మీ అక్క ఆవకాయకు కాయలు చూడమంటున్నది. కోసినవి వద్దట, నిండు కాయలే కావాలట.

నీ బావ,
వెంకట్రాజం

*

వరంగల్,
30 ఏప్రిల్ 1979.

బావకు,

ఆ ఒక్క ముక్క రాయడానికి మూడు ఇన్‌లాండ్ లెటర్లు పాడు చేశాను. మూడింటిలోనూ "త" దాకా వచ్చి ఆగిపోయాను. ఇది నాలుగోది. ఇందులో రాసేస్తున్నాను.

తాకింది.

ఎడమ మోకాలి వెనక, పైజామా మీద, రేగుపండంత తడి. పుట్ట వెనక వంగి ఉన్నాను, కాలు బయటికి వచ్చిందని నేను చూసుకోలేదు. మొగిలయ్య చూశాడు. టప్పుమన్న చప్పుడూ కందిరీగా ఒకేసారి. నోరు తెరిచాను కూడా. ఆ సమయంలో వెనక నుంచి మనవాళ్ళు "మల్లీ, మల్లీ" అని అరుస్తున్నారు. ఐదేళ్ళ తరువాత గెలుస్తున్నాం. ఈ ఒక్కసారికి అనుకున్నాను. అనుకుంటూనే పుల్ల నెట్టేశాను. ఆయన వెంటనే "తాకింది" అన్నాడు. ఎంత తొందరగా అన్నాడంటే, నాకు ఆ మాట ఆయన నా బదులు అన్నట్టు వినిపించింది. అలసిపోయి దుమ్ములో కూలబడ్డానని రాశాను కదా. అలసట కాదు. తడి మీద దుమ్ము అంటితే కనబడదని కూర్చున్నాను.

నా మొదటి ఉత్తరం ఇంకొకసారి చదువు. ముద్దాయి, అభియోగం అంటూ ఎన్ని వేషాలు వేశానో. ఎవరూ వెయ్యని దావాకు నేనే సాక్ష్యాలు సిద్ధం చేసుకున్నాను. తమాషాగా రాస్తే నువ్వు తమాషాగా తీసుకుంటావు, నాకూ తేలికవుతుంది అనుకున్నాను. నువ్వు నమ్మావు. నన్ను ఇంతగా నమ్మేవాడు ఒకడున్నాడని తెలిసిన రోజు నుంచి అన్నం సయించడం లేదు. ఈ నెల రోజులు నేను మోసిందాని కంటే మార్కెట్‌లో బస్తా మొయ్యడమే సుఖం.

ఈ ఉదయం మార్కెట్‌కు పోయాను. మొగిలయ్య షెడ్డులో బస్తాకు కొక్కెం వేస్తున్నాడు. నన్ను చూసి పక్కకు జరిగాడు, దారి ఇవ్వడానికి. అదీ ఎప్పుడూ లేదు. ఆటలో కలిసిన రోజు నుంచి మా మధ్య సేటు, హమాలి అనే లెక్క ఉండేది కాదు.

"తాకింది మొగిలన్నా" అన్నాను.

"ఏం తాకింది?"

"పెద్దాటల. నువ్వు కొట్టిన ఉండ. మోకాలు ఎనుక తాకింది. నేను చెప్పలే."

ఆయన కొక్కెం బస్తాకే వదిలేసి నన్ను చూశాడు. "అది పుట్టకు తగిలిందనుకున్న నేను. చప్పుడు గట్లనే అచ్చింది."

బావా, ఆయనకు తెలియదు. ఈ నెల రోజులుగా ఈ భూమి మీద ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"మరి కుండ కాడ నన్ను అట్ల ఎందుకు చూసినవ్?" అని అడిగాను.

"ఎట్ల చూసిన? నీ పెదవులు ఎండిపోయి ఉన్నయ్. ఎండకు పడిపోతవేమో అని చూసిన."

మరి అననిదాన్ని అన్నానని ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. ఆయన రుమాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "రాజమన్న అబద్ధం రాయడు గదా. కల్లు కాడనో ఏడనో నేనే నోరు జారిన్నేమో అనుకున్న. ఎంత యాది చేసుకున్నా యాదికి రాలే. నా నోటి మీద నాకే నమ్మకం లేకుంటాయె. మరి తాకింది అని నోటితోని చెప్పే ఆట, నేనెట్ల ఆడుత?"

నేను ఏడ్చానని నువ్వు ఎవరికీ చెప్పనక్కర్లేదు. హమాలీలందరూ చూశారు, అది చాలు. మొగిలయ్య ఒక ఖాళీ సంచి పరిచి నన్ను కూర్చోబెట్టాడు. అది మన దుకాణం సంచే.

అందరినీ పిలిచి ఇంకొకసారి చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

లేచి వచ్చేటప్పుడు మొగిలయ్య నీకొక మాట చెప్పమన్నాడు. నాకు అర్థం కాలేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "రాజమన్నకు చెప్పు. నేను ఏ ఆట సంగతి ఎవ్వలకు చెప్పలే. ఏ ఆట సంగతి గూడ. ఫికర్ చెయ్యొద్దను." రెండుసార్లు అన్నాడు.

నువ్వు సెలవు పెట్టుకోవద్దు. నా కోసం ఎవరి ముందూ నిలబడవద్దు. నీ గొట్టం కూడా పంపకు. అక్క మసిగుడ్డలు ఆరేసుకోనీ, దానికి అదే గౌరవం.

నిన్ను అంత మాట రాయించినందుకు క్షమించు.

మల్లికార్జున్

*

కార్డు

కాగజ్‌నగర్, 7 మే 1979.

మల్లికి,

ఇది కార్డు మీదనే రాస్తున్న. యాకన్నా, దీన్ని మల్లికి ఇచ్చేముందు మార్కెట్ల మొగిలికి వినవడేటట్టు, అందరు ఉన్నప్పుడు చదువు. పోయినసారి చదివినంత గట్టిగ చదువు.

డెబ్బై నాలుగు పెద్దాటల మొగిలి కొట్టిన ఉండ నాకు కుడి చెవి ఎనుక తాకింది. మొగిలి చూసిండు. నేను చెప్పలే. వాడు అడగలే. ఐదేండ్ల నుంచి వాడు అడుగుతడు అడుగుతడు అని భయపడుకుంట ఉన్న. మల్లి రాసింది చూసి, ఇగ అడిగిండు అనుకొని, అడగక ముందే వాని మీద పడ్డ. కోటోనివి అని కూడ రాసిన. ఆ మాట నాదే తప్పు.

తాకింది.

మొన్న మీ అక్కకు చెప్పిన. రెండు దినాలు ఉప్పు లేని కూర పెట్టింది.

వెంకట్రాజం

*

వరంగల్,
14 మే 1979.

బావకు నమస్కారాలు.

కార్డు గురువారం చదవబడింది. యాకయ్య ముందుగా నా దగ్గరికి వచ్చి, "ఇది నిజంగ చదవాల్నా సేటు?" అని అడిగాడు. చదవాలన్నాను. ఇద్దరం కలిసి పోయాం. షెడ్డు నీడ, సద్దుల వేళ, అదే మనుషులు. ఆయన నిలబడి చదివాడు. గొంతు ఎక్కడా తగ్గించలేదు. ఉప్పు లేని కూర దగ్గర ఇద్దరు ముగ్గురు నవ్వారు.

మొగిలయ్య నవ్వలేదు. "ఆఖరిది ఇంకోపారి చదువు" అన్నాడు. యాకయ్య ఉప్పు లేని కూర అని మొదలుపెట్టాడు. "అది గాదు, దాని మీది మాట" అన్నాడు. యాకయ్య "తాకింది" అని చదివాడు. మొగిలయ్య తల ఊపి, కార్డు అడిగి తీసుకుని, రుమాలులో పాత కార్డు తీసి దాని స్థానంలో దీన్ని పెట్టుకున్నాడు. పాతది నా చేతికిచ్చాడు. ఏం చెయ్యమంటావని అడిగితే, "నానవెట్టి ఉండలు చుట్టు, మీ బావ కాయిదం మంచిది" అన్నాడు.

నిన్న కుండ భుజాన పెట్టుకుని స్టేషన్ రోడ్డు నుంచి కోట దాకా నడిచాను. బండి కట్టుకొమ్మన్నారు నాన్న, వద్దన్నాను. దారిలో కనీసం ఇరవై మంది అడిగారు, గెలిచినవాడివి కుండ తిరిగి ఎందుకు తీసుకుపోతున్నావని. ఇరవై మందికీ చెప్పాను. మొదటి ఐదుగురికి చెప్పడమే కష్టం. తరువాత కాలు నొప్పి ముందుకు వచ్చింది, సిగ్గు వెనకబడింది. రెండో చేతిలో మొగిలయ్య గొట్టం, మామూలుగా, నిటారుగా.

కుండను మొగిలయ్య వాకిట్లో దించాను. మల్లక్క, ఆయన భార్య, అప్పటికప్పుడే కడిగి నీళ్ళు పోసింది. ఎర్రమట్టి సంగతి కదిలించాను. కోట జట్టువాళ్ళు పట్టు విడవడం లేదు, నువ్వైనా చెప్పమన్నాను. ఆయన "పుయ్యనీ. ఇద్దరు చెప్పకపాయె, వాళ్ళెట్ల నమ్ముతరు. గని అంగీ మీద ఎంత ఎర్రగ కనవడ్డా, తాకింది అని నోటితోని అననోడు కుండ కాడికి రావద్దు. అది మాత్రం ఉండాలె" అన్నాడు.

నువ్వు సెలవు పెట్టే ఉంటే రమ్మన్నాడు. చెవి వెనక ఇంకా మచ్చ ఉందేమో చూస్తాడట.

నాయకుడి పదవికి నేను రాజీనామా చేశాను. ఎవరూ బతిమాలలేదు. అక్క మామిడికాయలు గార్డు చేతికిచ్చాను, నిండువే.

లేచి వస్తుంటే మొగిలయ్య చెంబు ముంచి అందించాడు. పోయినసారి తల దించుకుని తాగాను. ఈసారి ఆయన మొహం చూస్తూ తాగాను.

నీ బామ్మర్ది,
మల్లికార్జున్